చదువు మళ్లీ మొదలుపెట్టిన దుర్గాబాయమ్మ



పొద్దున్నుంచీ పని చేసి వచ్చారు. ఒకరు కలుపు తీసి వచ్చారు. ఒకరు బీడీలు చుట్టి వచ్చారు. ఒకరు పిల్లల్ని పడుకోబెట్టి వచ్చారు. వచ్చి పుస్తకం పట్టుకుని కూర్చున్నారు.

"ఈ వయసులో నీకు చదువెందుకే?" అని ఎవరో ఒకరు అనే ఉంటారు. అత్తగారు అని ఉంటుంది. లేదా ఇంటాయన అని ఉంటాడు. ఒక్కోసారి మీ మనసే మీతో అని ఉంటుంది.

ఇవాళ ఒక ఆడమనిషి కథ వినండి. ఆమెకు ఎనిమిదేళ్లకే పెళ్లయింది. చిన్నతనంలోనే బడి మానేసింది. ఇరవై ఏళ్లు దాటాక మళ్లీ చదువు మొదలుపెట్టింది. జైలుకు వెళ్లింది. ప్లీడరయింది. దేశానికి రాజ్యాంగం రాసిన సభలో కూర్చుంది. ఢిల్లీలో ప్రభుత్వ పదవి చేపట్టింది. ఆ పదవిలో ఉండి, చదువు వయసు దాటిపోయిన ఆడవాళ్ల కోసం ఒక దారి వేసింది.

ఆమె పేరు దుర్గాబాయి. పెద్దయ్యాక దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయింది. మన గోదావరి ఒడ్డున పుట్టిన తెలుగు ఆడపడుచు.

ఎనిమిదేళ్ల పెళ్లికూతురు

దుర్గ 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టింది. తండ్రి రామారావు గారు. తల్లి కృష్ణవేణమ్మ గారు. దుర్గ చిన్నతనం కాకినాడలో గడిచింది.

ఆ రోజుల్లో ఆడపిల్లకు పదేళ్లు రాకముందే పెళ్లి చేసేవాళ్లు. దుర్గకు కూడా ఎనిమిదో ఏట చేశారు. పెళ్లంటే ఏమిటో ఆ పిల్లకు తెలియదు. కొత్త బట్టలు, బాజాలు, పిండివంటలు. అంతే తెలుసు.

పెద్దదయ్యాక కాపురానికి పంపే వేళ వచ్చింది. దుర్గ వెళ్లనంది. ఈ పెళ్లి తనకు తెలియకుండా జరిగిందని చెప్పింది. మీరు వేరే పెళ్లి చేసుకోండని ఆ అబ్బాయికి నెమ్మదిగానే చెప్పింది. తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలబడ్డారు. ఆ రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. ఊరు నాలుగు మాటలు అంటుంది. ఆ ఇంటివాళ్లు ఆ మాటలు పడ్డారు. కూతురి మాట మాత్రం కాదనలేదు.

చదువు సంగతి కూడా చెప్పుకోవాలి. దుర్గ బడికి వెళ్లింది. కానీ బడిలో పాఠాలన్నీ ఇంగ్లీషులోనే చెప్పడం మొదలుపెట్టారు. తెల్లదొరల భాషను నెత్తిన రుద్దడం ఆమెకు నచ్చలేదు. బడి మానేసింది. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు కూడా సరిగ్గా లేవు.

బడి మానింది గానీ నేర్చుకోవడం మానలేదు. హిందీ నేర్చుకుంది. తాను నేర్చుకున్నది తోటి ఆడవాళ్లకు చెప్పింది. బాలికలకు, స్త్రీలకు ఒక హిందీ పాఠశాల పెట్టింది. పంతులమ్మ వయసెంత? పాఠం వినేవాళ్లలో చాలామంది కంటే చిన్నది!

కాకినాడకు గాంధీగారు వచ్చిన రోజు

1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారని తెలిసింది. ఊరంతా సందడి.

దుర్గకు ఒక ఆలోచన వచ్చింది. ఆ ఊళ్లో దేవదాసీలు ఉన్నారు. చిన్నప్పుడే గుడికి అంకితమని చెప్పి, పెళ్లి లేకుండా చేసిన ఆడవాళ్లు వాళ్లు. ఊరు వాళ్లను చిన్నచూపు చూసేది. ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలూ ఉన్నారు. వాళ్లు నలుగురిలోకి రాలేరు. గాంధీగారి మాట వీళ్లు కూడా వినాలి కదా! వీళ్లకోసం వేరే ఒక సభ పెడితే?

దుర్గ వెళ్లి ఊరి పెద్దల్ని అడిగింది. గాంధీగారికి తీరిక లేదన్నారు. కొద్ది నిమిషాలైనా ఇప్పించాలంటే ఐదు వేల రూపాయల నిధి ఇవ్వాలన్నారు. ఆ రోజుల్లో ఐదు వేలంటే మాటలా? పిల్ల భయపడి వెనక్కి పోతుందని అనుకుని ఉంటారు.

దుర్గ వెనక్కి పోలేదు. ఆ ఆడవాళ్ల దగ్గరికే వెళ్లింది. సంగతి చెప్పింది. వాళ్లే డబ్బు పోగుచేశారు. తలా కొంత వేసుకుని ఐదు వేలూ జమచేశారు.

ఒక బడి ఆవరణలో సభ పెట్టారు. గాంధీగారు వచ్చారు. కొద్ది నిమిషాలని వచ్చిన మనిషి అరగంటకు పైగా ఉండిపోయారు. ఆయన హిందుస్తానీలో మాట్లాడితే దుర్గ తెలుగులో చెప్పింది. ఆ ఆడవాళ్లు చేతి గాజులు, మెడలో గొలుసులు తీసి ఇచ్చారు. అన్నీ కలిపి పాతికవేల రూపాయల దాకా అయ్యాయట. దుర్గ తన చేతి గాజులు కూడా ఇచ్చేసింది.

అక్కడినుంచి గాంధీగారు పెద్ద సభకు వెళ్లారు. అక్కడ ఆయన మాటల్ని తెలుగులో చెప్పడానికి పెద్దలు సిద్ధంగా ఉన్నారు. గాంధీగారు ఆ పిల్లే చెప్పాలన్నారు. వేల మంది ముందు ఆ చిన్నపిల్ల నిలబడి చెప్పింది.

ఊరు దూరం పెట్టిన ఆడవాళ్లు గాంధీగారి మాట విన్నారు. ఎలా విన్నారు? ఒక పిల్ల వెళ్లి అడిగింది కాబట్టి విన్నారు.

రెండణాల టికెట్టు

రెండేళ్లు గడిచాయి. 1923లో కాకినాడలోనే కాంగ్రెసు మహాసభ జరిగింది. దేశం నలుమూలల నుంచీ నాయకులు వచ్చారు. పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. దుర్గకు అక్కడ వాకిలి దగ్గర కాపలా పని అప్పగించారు. టికెట్టు లేనిదే ఎవరినీ లోపలికి పంపవద్దని చెప్పారు.

ఒకాయన వచ్చాడు. టికెట్టు లేదు. దుర్గ ఆపేసింది. ఆయన ఎవరో కాదు, జవహర్‌లాల్ నెహ్రూ. పెద్దలు పరుగెత్తుకొచ్చారు. ఎవర్ని ఆపావో తెలుసా అని కోప్పడ్డారు. మీరు చెప్పిన పనే చేస్తున్నానంది దుర్గ. చివరికి రెండణాలు పెట్టి టికెట్టు కొన్నారు. అప్పుడే లోపలికి పంపింది. నెహ్రూ గారు కోప్పడలేదు. ఆ పిల్ల ధైర్యాన్ని మెచ్చుకున్నారు.

టికెట్టు అడిగిన ఆ పిల్లనే, ముప్పై ఏళ్ల తర్వాత నెహ్రూ గారు పిలిచి ప్రభుత్వ పని అప్పగించారు. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

జైల్లో చూసిన ఆడవాళ్లు

1930లో గాంధీగారు దండి దగ్గర సముద్రపు ఒడ్డున ఉప్పు తీశారు. ఉప్పు మీద తెల్లదొరలు పన్ను వేశారు. పేదవాడి గంజిలో వేసుకునే ఉప్పు మీద కూడా పన్నే! ఆ చట్టాన్ని మేం లెక్కచెయ్యం అని దేశమంతా కదిలింది.

అప్పుడు మన ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. దుర్గాబాయి మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో దిగారు. పెద్ద నాయకుల్ని పోలీసులు పట్టుకుపోతే ఆమె ముందు నడిచారు. ఆమెను కూడా పట్టుకుపోయారు. 1930 నుంచి 1933 లోపల మూడుసార్లు జైలుకు వెళ్లారు.

వెల్లూరు జైలులో ఆమె ఒక సంగతి చూశారు. ఆ సంగతి ఆమె బతుకునే మార్చింది.

ఆ జైల్లో దేశం కోసం వచ్చినవాళ్లే కాదు, మామూలు నేరాల కింద శిక్ష పడిన ఆడవాళ్లూ ఉన్నారు. దుర్గాబాయి వాళ్ల పక్కన కూర్చుని వాళ్ల కథలు విన్నారు. వింటూ ఉంటే ఆమెకు ఆశ్చర్యం వేసింది. కొందరు చేయని నేరానికి శిక్ష పడి వచ్చారు. వాళ్లకు చట్టం తెలియదు. కోర్టులో ఎవరు ఏమంటున్నారో తెలియదు. తమ తరపున ఎవరిని అడగాలో తెలియదు. చేయని నేరాన్ని ఒప్పేసుకున్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు.

ఒక్కసారి ఆలోచించండి. కాగితం మీద ఏముందో తెలియదు. దాని మీద వేలిముద్ర వేయమంటారు. వేస్తారు. ఆ ఒక్క ముద్రతో పొలం పోవచ్చు. ఇల్లు పోవచ్చు. బతుకే పోవచ్చు. ఇది ఎప్పటి మాటో కాదు. ఇలా మోసపోయిన వాళ్లు మీ ఊళ్లో కూడా ఉండే ఉంటారు.

దుర్గాబాయి వాళ్లతో పాటే జైల్లో ఉన్నారు. ఓదార్చగలరు. ధైర్యం చెప్పగలరు. కానీ కోర్టులో వాళ్ల తరపున నిలబడలేరు. ఆమె ప్లీడరు కాదు. ప్లీడరు కావాలంటే పెద్ద చదువు కావాలి. ఆమె బడి చదువే పూర్తి కాలేదు.

జైల్లోనే ఆమె ఒక నిర్ణయం తీసుకున్నారు. చదవాలి. న్యాయశాస్త్రం చదవాలి. దిక్కులేని ఆడవాళ్ల తరపున డబ్బు తీసుకోకుండా వాదించాలి.

ఆ తర్వాత ఇంకోసారి పట్టుకున్నప్పుడు ఆమెను మదురై జైల్లో ఒంటరి కొట్లో పెట్టారు. పక్కన ఉరిశిక్ష పడినవాళ్ల కొట్లు. మాట్లాడే మనిషి లేదు. ఆరోగ్యం దెబ్బతింది. మనసు మాత్రం గట్టిపడింది. బయటికి వచ్చాక ఆమె చేతిలోకి పుస్తకం తీసుకున్నారు.

ఇరవై దాటాక మళ్లీ చదువు

జైలు నుంచి వచ్చేసరికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. అంత వయసులో ఏ బడి చేర్చుకుంటుంది? ఆమె ఇంటి దగ్గర చదువుకుని మెట్రిక్ పరీక్షకు కట్టారు. అంటే ఇప్పటి పదో తరగతి లాంటిది. కాశీలోని బనారసు విశ్వవిద్యాలయం అలా పరీక్ష రాయనిచ్చేది. మెట్రిక్ పాసయ్యారు. తర్వాత ఇంటరు చదివారు.

ఆ తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరాలని వెళ్లారు. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆడపిల్లలు ఉండటానికి హాస్టలు లేదు. హాస్టలు లేదు కాబట్టి చేర్చుకోవడం కష్టమన్నారు.

దుర్గాబాయి ఏం చేశారో తెలుసా? పేపర్లో ఒక ప్రకటన వేయించారు. హాస్టలు లేక చదువు ఆగిపోయిన ఆడపిల్లలు ఉంటే తనకు రాయమన్నారు. పది మంది దాకా ముందుకొచ్చారు. అందరూ కలిసి ఉండటానికి ఒక ఇల్లు చూశారు. అదే హాస్టలయింది. ఇప్పుడు చేర్చుకుంటారా అని అడిగారు. విశ్వవిద్యాలయం వాళ్లు చేర్చుకున్నారు.

లేదన్నదాన్ని చూసి ఆమె ఇంటికి తిరిగిపోలేదు. తన ఒక్కదాని కోసమే అడగలేదు. పది మందిని కూడగట్టుకుని అడిగారు.

అక్కడ బీఏ ఆనర్సు చదివారు. తర్వాత మద్రాసులో న్యాయశాస్త్రం చదివి 1942లో పట్టా పొందారు. అప్పటికి ఆమెకు ముప్పై మూడేళ్లు. నల్లకోటు వేసుకుని మద్రాసు కోర్టులో ప్లీడరుగా నిలబడ్డారు. జైల్లో అనుకున్న మాట నిలబెట్టుకున్నారు.

ఆంధ్ర మహిళా సభ

తాను చదువుకుంటూనే ఆమె ఇంకో పని కూడా చేశారు. మద్రాసులో మైలాపూరులో ఉంటూ చుట్టుపక్కల పిల్లల్ని చేరదీసి పాఠాలు చెప్పేవారు. పిల్లలు వస్తుంటే వాళ్ల వెంట పెద్ద ఆడవాళ్లూ వచ్చారు. భర్త పోయినవాళ్లు వచ్చారు. భర్త వదిలేసినవాళ్లు వచ్చారు. చిన్నప్పుడు చదువు ఆగిపోయినవాళ్లు వచ్చారు. వాళ్లందరిదీ ఒకటే మాట. తమ కాళ్ల మీద తాము నిలబడాలి.

అలా 1937లో ఆంధ్ర మహిళా సభ పుట్టింది. అక్కడ ఆడవాళ్లకు చదువు చెప్పారు. చేతిపనులు నేర్పారు. మెట్రిక్ పరీక్షకు తయారు చేశారు. దుర్గాబాయి తాను నడిచిన దారే వాళ్లకూ చూపించారు. ఏళ్ల తరబడి బడి చుట్టూ తిరగనక్కరలేదు. పట్టుదల ఉంటే తక్కువ కాలంలోనే పరీక్ష రాయొచ్చు.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మద్రాసులో నాటిన ఈ చిన్న మొక్కే తర్వాత దేశమంతా పాకింది.

రాజ్యాంగం రాసిన సభలో

1946లో రాజ్యాంగ సభ ఏర్పడింది. రాజ్యాంగం అంటే ఏమిటి? దేశాన్ని ఎలా నడపాలో చెప్పే పెద్ద చట్టం. మిగతా చట్టాలన్నీ దానికి లోబడే ఉండాలి. ఎవరికి ఏ హక్కు ఉందో అందులో ఉంటుంది.

ఆ సభలో కూర్చున్న ఆడవాళ్లు 15 మంది. అందులో దుర్గాబాయమ్మ ఒకరు. సభ నడిపే అధ్యక్షుడు లేనప్పుడు ఆ కుర్చీలో కూర్చోవడానికి కొంతమందిని ఎంచి పెట్టుకుంటారు. అలా ఎంచినవాళ్లలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి దుర్గాబాయమ్మ.

ఆమె ఊరికే కూర్చోలేదు. ముసాయిదాలో ఏ మాట ఎలా ఉందో చూసేవారు. ఇది మార్చాలి, అది చేర్చాలి అని లేచి చెప్పేవారు. ఒక ఉదాహరణ చూడండి. రాజ్యసభలో సభ్యులు కావాలంటే 35 ఏళ్లు ఉండాలని మొదట రాశారు. ఆమె 30 ఏళ్లు చాలన్నారు. సభ ఒప్పుకుంది. ఇప్పటికీ చట్టంలో 30 అనే ఉంది.

భాష విషయంలో కూడా ఆమె నిజం మాట్లాడారు. చిన్నప్పటినుంచీ ఆమె హిందీ నేర్పిన మనిషి. హిందీ, ఉర్దూ కలిసిన హిందుస్తానీ దేశానికి భాష కావాలని ఆమె కోరిక. అయినా హిందీవాళ్లు మరీ తొందరపెడుతుంటే ఊరుకోలేదు. మీ తొందర చూసి దక్షిణాది వాళ్లం వెనక్కి తగ్గుతున్నామని సభలోనే చెప్పారు.

1949 నవంబరు 26న సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది. 1950 జనవరి 26 నుంచి అది అమల్లోకి వచ్చింది. రాజ్యాంగం మీద సభ్యులు సంతకాలు చేశారు. వాళ్లలో దుర్గాబాయమ్మ ఉన్నారు. బడి చదువు మధ్యలో ఆపేసిన పిల్ల దేశం రాజ్యాంగం మీద సంతకం చేసింది!

పేరు చెప్పని ఆడవాళ్లు

కొత్త రాజ్యాంగం ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమానంగా ఓటు ఇచ్చింది. చదువు ఉన్నా లేకపోయినా ఓటుంది. ఆస్తి ఉన్నా లేకపోయినా ఓటుంది.

1951, 52లలో మొదటి ఎన్నికలు జరిగాయి. ఓటర్ల జాబితా రాసేవాళ్లు ఇల్లిల్లూ తిరిగారు. నీ పేరేంటమ్మా అని అడిగారు. ఉత్తరాది రాష్ట్రాల్లో ఎంతోమంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానా వాళ్ల భార్యనన్నారు. ఫలానా వాళ్ల అమ్మనన్నారు. పరాయి మగవాడికి పేరు చెప్పకూడదని వాళ్లకు నేర్పారు. పేరు లేనివాళ్లను జాబితాలో ఉంచడానికి వీల్లేదని ఎన్నికల సంఘం చెప్పింది. దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితాలోంచి పోయాయి. ఓటు హక్కు ఉండి కూడా వాళ్లు ఆ ఎన్నికల్లో ఓటు వేయలేకపోయారు.

ఆ రోజుల్లో మన దేశంలో వంద మంది ఆడవాళ్లలో తొమ్మిది మందికే చదువొచ్చు. చట్టం హక్కు ఇస్తుంది. ఆ హక్కును అందుకునే చెయ్యి మాత్రం మనదే కావాలి. అక్షరం వస్తే ఆ చేతికి బలం వస్తుంది.

అదే ఎన్నికల్లో దుర్గాబాయమ్మ కూడా పోటీ చేశారు. గెలవలేదు. ఓడిపోయారు! జైళ్లకు వెళ్లిన మనిషి, రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్న మనిషి ఓడిపోయారు. ప్రజాస్వామ్యమంటే అంతే. ఎంతటివాళ్లయినా ఓటరు ముందు నిలబడాల్సిందే.

ఓడిపోయాక ఆమె పని ఆగిపోయిందా? ఆగలేదు.

ప్రభుత్వంలో దుర్గాబాయమ్మ

ప్రధానమంత్రి నెహ్రూ గారు ఆమెను పిలిచి ప్రణాళికా సంఘంలో సభ్యురాలిగా వేశారు. దేశంలో డబ్బు దేనికి ఎంత ఖర్చు పెట్టాలో ఆలోచించే సంఘం అది. 2015 నుంచి ఆ సంఘం లేదు. ఆ రోజుల్లో మాత్రం దాని మాటకు చాలా విలువ ఉండేది.

ఆనకట్టలకు డబ్బు కావాలి. ఫ్యాక్టరీలకు కావాలి. రైళ్లకు కావాలి. మరి ఆడవాళ్లకు, పిల్లలకు, వికలాంగులకు? వీళ్ల మాట కూడా లెక్కలో ఉండాలని ఆమె పట్టుబట్టారు. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయమ్మే. దేశమంతటా ఊళ్లల్లో మంచిపని చేస్తున్న సంఘాలకు ఈ బోర్డు డబ్బు సాయం చేసింది. కొన్ని ఊళ్లను కలిపి ఒక ప్రాజెక్టు చేసింది. అక్కడ పిల్లలకు బాలవాడి, కాన్పులకు సాయం, ఆడవాళ్లకు చేతిపనులు, చదువు అన్నీ పెట్టింది.

పని మొదలుపెట్టాక ఒక ఇబ్బంది కనిపించింది. ఊళ్లల్లో పనిచేయడానికి గ్రామసేవికలు కావాలి. నర్సులు కావాలి. పంతులమ్మలు కావాలి. ఈ ఉద్యోగాలకు చదువు కావాలి. పట్నంలో చదువుకున్నవాళ్లు పల్లెకు రారు. పల్లెలో ఉన్న ఆడవాళ్లకు చదువు లేదు. ఎలా?

దుర్గాబాయమ్మకు దారి తెలుసు. అది ఆమె స్వయంగా నడిచిన దారి. మద్రాసులో ఆంధ్ర మహిళా సభలో నడిపిన దారి. వయసు వచ్చిన ఆడవాళ్లకు బుద్ధి ఎక్కువ. అనుభవం ఎక్కువ. చిన్నపిల్లలకు ఎన్నో ఏళ్లు పట్టే చదువును వాళ్లు రెండేళ్లలో పట్టుకోగలరు. చెప్పే తీరు తెలిసి చెప్పాలంతే.

1958లో బోర్డు ఈ పథకం మొదలుపెట్టింది. వయసు వచ్చిన ఆడవాళ్లకు తక్కువ కాలంలో చదువు చెప్పి పరీక్షకు తయారు చేయడం దీని పని. భర్త పోయినవాళ్లు, ఆదరణ లేనివాళ్లు, పేదింటి ఆడవాళ్లు ఇందులో చేరారు. చదివి పాసయినవాళ్లకు పంతులమ్మ శిక్షణ, నర్సు శిక్షణ, గ్రామసేవిక శిక్షణ పొందే వీలు కలిగింది. ఒకప్పుడు వేరొకరి ఇంట్లో తలదాచుకున్న ఆడమనిషి ఇంకో ఊళ్లో బడి నడిపించే పంతులమ్మ కాగలదు. ఈ పథకం ఆమె పదవి వదిలిన తర్వాత కూడా ఎన్నో ఏళ్లు నడిచింది.

1958లోనే ఆడవాళ్ల చదువు గురించి ఆలోచించడానికి ప్రభుత్వం ఒక జాతీయ సంఘం వేసింది. దానికి కూడా ఆమే అధ్యక్షురాలు. మగవాళ్ల చదువుకూ ఆడవాళ్ల చదువుకూ మధ్య ఉన్న ఎడం తొందరగా పోవాలని ఆ సంఘం చెప్పింది. అందుకు ప్రభుత్వం ప్రత్యేకంగా పూనుకోవాలని చెప్పింది.

కొత్త జీవితం, కొత్త కోర్టు

1953 జనవరిలో ఆమె చింతామణి దేశ్‌ముఖ్ గారిని పెళ్లి చేసుకున్నారు. ఆయన మరాఠీ మనిషి. అప్పుడు దేశానికి ఆర్థికమంత్రి. పెళ్లికి సాక్షి సంతకం చేసినవాళ్లలో నెహ్రూ గారు ఉన్నారు. అప్పటికి దుర్గాబాయమ్మకు నలభై మూడేళ్లు. ఎనిమిదేళ్లప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు. ఈసారి ఆమె ఇష్టపడి, ఆలోచించి చేసుకున్నారు.

అదే ఏడాది ఆమె చైనా దేశం వెళ్లారు. అక్కడ కుటుంబాల తగాదాలకు వేరే కోర్టులు ఉండటం చూశారు. మొగుడూ పెళ్లాల తగాదా, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, భరణం ఎంత ఇవ్వాలి — ఇలాంటివన్నీ దొంగతనం కేసులతో కలిపి ఏళ్ల తరబడి నానిస్తే ఎలా? మన దేశంలో కూడా కుటుంబ కోర్టులు కావాలని తిరిగొచ్చి చెప్పారు. పెద్ద జడ్జిలతో మాట్లాడారు. నెహ్రూ గారితో మాట్లాడారు.

ఆ మాట వెంటనే నెగ్గలేదు. 1984లో కుటుంబ కోర్టుల చట్టం వచ్చింది. అప్పటికి ఆమె లేరు. చెట్టు నాటినవాళ్లే కాయ తినాలని లేదు కదా!

చివరిదాకా అక్షరమే

పదవులు వదిలాక కూడా ఆమె ఊరుకోలేదు. ఆంధ్ర మహిళా సభ హైదరాబాదులో కూడా పెరిగింది. బడులు, కాలేజీలు, ఆసుపత్రి, నర్సుల శిక్షణ వచ్చాయి. విద్యానగర్‌లో ఆమె పేరు మీద ఆసుపత్రి ఉంది. వయోజనుల చదువు కోసం హైదరాబాదులో లిటరసీ హౌస్ పెట్టారు. కొత్తగా అక్షరాలు నేర్చుకున్నవాళ్లు చదువుకోవడానికి తేలిక పుస్తకాలు అక్కడ తయారు చేశారు. మీ చేతిలో ఉన్నలాంటి పుస్తకాలే!

చదువు పంచినందుకు 1971లో ఆమెకు నెహ్రూ అక్షరాస్యతా బహుమానం వచ్చింది. 1975లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చి గౌరవించింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు.

అమ్మలారా! అక్షరాలు నేర్చుకుని వదిలేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. వాడని కొడవలికి తుప్పు పడుతుంది. చదవని అక్షరం మరుపున పడుతుంది. మళ్లీ వేలిముద్ర దగ్గరికే వెళ్లాల్సి వస్తుంది. కాబట్టి రోజూ ఏదో ఒకటి చదవండి. బస్సు బోర్డు చదవండి. రేషను కార్డు చదవండి. బ్యాంకు పుస్తకంలో అంకెలు చదవండి. సంతకం పెట్టమన్న ప్రతి కాగితమూ ముందు చదవండి. అర్థం కాకపోతే పెట్టకండి. ఇంకొకరిని అడగండి.

వెల్లూరు జైల్లో ఉన్న ఆ ఆడవాళ్లకు ఆ వీలు లేకపోయింది. వాళ్లను చూసి ఒక మనిషి మళ్లీ చదువు మొదలుపెట్టింది. ఆ చదువు ఎక్కడిదాకా వెళ్లిందో ఇప్పుడు విన్నారు.

ఈ రాత్రి ఇంటికి వెళ్లాక ఈ కథ మీ ఇంట్లో పిల్లలకు చదివి వినిపించండి. మీరు చదువుతుంటే వాళ్లు వినాలి!

మాట్లాడుకోండి

1. దుర్గాబాయమ్మ బడి ఎందుకు మానేశారు? మళ్లీ ఎందుకు చదివారు?
2. ఏం రాసి ఉందో తెలియకుండా వేలిముద్ర వేసి నష్టపోయినవాళ్లు మీకు తెలిసినవాళ్లలో ఉన్నారా? ఏం జరిగింది?
3. ఓటర్ల జాబితాలో మీ పేరు ఎలా రాసి ఉంది? మీరే చదివి చూశారా?
4. మీ ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి అడగాల్సిన పని ఒకటి చెప్పండి. దానికి అర్జీ రాయండి. అందరూ సంతకాలు పెట్టండి.